అక్క మందుకు పనికొచ్చిన రిపోర్ట్ మా పరీక్షకు ఎందుకు పనికిరాదు?

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

వంశపారంపర్య క్యాన్సర్ బయటపడిన కుటుంబాల్లో రక్తసంబంధీకులకు కూడా జన్యు పరీక్ష చేయించమని మీ కార్యాలయానికి ఇదివరకే వినతిపత్రాలు ఇచ్చాం. నేను ఒక్కదాన్నే కాదు, ఇదే బాధలో ఉన్న మరికొన్ని కుటుంబాలూ ఇచ్చాయి. అందరికీ వచ్చిన జవాబు ఒక్కటే: మీ విన్నపం పరిశీలనలో ఉంది. ఆ మాట పట్టుకుని చాలాకాలం ఎదురుచూశాం. ఇక ఎదురుచూసే వీలు లేక అందరూ చదివేలా ఇలా రాస్తున్నాను. ప్రభుత్వ ఆరోగ్య పథకం నిబంధనలు మీకు తెలిసినవే, అవన్నీ మళ్లీ చెప్పను. అందులో ఒక్క నిబంధన దగ్గర మా ఇల్లు ఎలా ఆగిపోయిందో మాత్రం వినండి.

మా అక్కకు అండాశయ క్యాన్సర్. ఆపరేషన్ చేశారు, కీమో ఇచ్చారు. తర్వాత రక్తం పరీక్షకు పంపితే బీఆర్‌సీఏ1 జన్యువులో హాని చేసే మార్పు ఉందని రిపోర్ట్ వచ్చింది. ఆ రిపోర్ట్ చూసే పథకం కింద ఓలాపరిబ్ అనే క్యాన్సర్ మాత్రలు మంజూరు చేశారు. అక్క ఇవాళ తన పనులు తను చేసుకుంటోందంటే అందులో మీ పథకం సాయం ఉంది. దానికి మా ఇంటిల్లిపాదీ మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెప్తున్నాం.

రిపోర్ట్ వచ్చిన రోజే డాక్టరు గారు మమ్మల్ని కూర్చోబెట్టి ఇంకో మాట చెప్పారు. ఈ మార్పు అక్కకు పుట్టుకతోనే ఉంది, అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చింది, తోడబుట్టినవాళ్లలో ఒక్కొక్కరికీ ఇది ఉండే అవకాశం సగానికి సగం, అందరూ పరీక్ష చేయించుకోండి అని. ఆ చీటీ పట్టుకుని కౌంటర్‌కి వెళ్తే, "పేషెంట్ పేరు మీద అయితే చేస్తాం. మీకు జబ్బేమీ లేదు కదా, పథకంలో రాదు" అన్నారు. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, ఆమె ముందున్న కంప్యూటర్‌లో రోగి కానివాళ్లకు గడి లేదు.

మంత్రి గారూ, ఒక్క నిమిషం ఆ మాత్ర ఎలా పని చేస్తుందో చూడండి. నా బాధంతా అందులోనే ఉంది. మన శరీరంలో ప్రతి కణంలోనూ డీఎన్‌ఏ రోజూ వేలసార్లు దెబ్బతింటూనే ఉంటుంది. ఎండ, పొగ వంటివి సరే, కణం లోపల మామూలుగా జరిగే రసాయన చర్యలే దానికి చాలు. ఆ దెబ్బల్ని ఎప్పటికప్పుడు సరిచేసే వ్యవస్థలు కణంలోనే ఉన్నాయి. వాటి గుట్టు విప్పినందుకే 2015లో తోమాస్ లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సంజార్‌లకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. డీఎన్‌ఏ రెండు పోగులూ ఒకేచోట తెగిపోతే, చెక్కుచెదరని ఇంకో నకలును చూసుకుని అక్షరం పొల్లుపోకుండా అతికించే పనిలో బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 ముఖ్యమైనవి. మా అక్కలాంటి వాళ్లు ఆ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పాడైపోయి పుడతారు. రెండోది పని చేస్తున్నంతకాలం ఏ తేడా తెలియదు. ఎప్పుడో ఒక కణంలో ఆ రెండోది కూడా పోతే, ఆ కణం తెగిన డీఎన్‌ఏను తప్పులతో అతికించుకుంటూ పోతుంది. తప్పులు పేరుకుని క్యాన్సర్ అవుతుంది.

ఓలాపరిబ్ ఆ లోపాన్నే ఆసరా చేసుకుంటుంది. ఒక పోగు మాత్రమే తెగినప్పుడు బాగుచేసే పార్ప్ అనే ఎంజైమును అది అడ్డుకుంటుంది. అప్పుడు చిన్న దెబ్బలు పెద్దవవుతాయి. ఒక మంచి ప్రతి మిగిలి ఉన్న మామూలు కణాలు వాటిని సరిచేసుకుంటాయి. క్యాన్సర్ కణానికి ఆ దారి ముందే మూసుకుపోయింది కాబట్టి చచ్చిపోతుంది. ఈ సంగతి 2005లో ప్రయోగశాలల్లో తేలింది, 2014 చివర్లో మందుకు అనుమతులు వచ్చాయి. అంటే అక్క మాత్రలకు డబ్బు కట్టిన ప్రతిసారీ, ఈ మనిషికి పుట్టుకతోనే మరమ్మతు జన్యువు ఒకటి పాడైంది అని మీ పథకం సంతకం పెట్టి ఒప్పుకుంటోంది. మరి అదే అమ్మానాన్నలకు పుట్టిన మా విషయంలో ఆ రిపోర్ట్ ఎందుకు చెల్లదు? మందుల గదిలో నిజమైన కాగితం, పక్కనున్న పరీక్షల గదిలో నిజం కాకుండా ఎలా పోతుంది?

నేను అప్పు చేసి పరీక్ష చేయించుకున్నాను. నాకూ ఉంది.

ఆ తర్వాత మొదలైంది అసలు టెన్షన్. బీఆర్‌సీఏ1లో ఇలాంటి మార్పు ఉన్న ఆడవాళ్లలో 80 ఏళ్లు వచ్చేసరికి రొమ్ము క్యాన్సర్ దాదాపు 72 శాతం మందికి, అండాశయ క్యాన్సర్ దాదాపు 44 శాతం మందికి వస్తుందని 2017లో వచ్చిన పెద్ద అధ్యయనం చెప్తోంది. అందరికీ ఒకేలా ఉండదు, కుటుంబ చరిత్రను బట్టి, ఆ మార్పు జన్యువులో ఎక్కడుందన్న దాన్ని బట్టి మారుతుంది అని డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు. రొమ్ముకు ఏటా ఎంఆర్ఐ తీయించుకోమన్నారు. అండాశయాలకు అలాంటి పరీక్ష లేదు. బ్రిటన్‌లో 2 లక్షల మందికి పైగా ఆడవాళ్ల మీద ఏళ్ల తరబడి రక్తపరీక్షలు, స్కానింగులు చేసి చూసినా అండాశయ క్యాన్సర్ చావులు తగ్గలేదని 2021లో తేలింది. అందుకే పిల్లలు పుట్టాక, 35 నుంచి 40 ఏళ్ల లోపు అండాశయాలు, ఫాలోపియన్ నాళాలు తీయించుకోవడం మేలని బీఆర్‌సీఏ1 ఉన్నవాళ్లకు సలహా ఇస్తారు. నాకు 38.

ఎంఆర్ఐకి దరఖాస్తు పెడితే, గడ్డ ఉందని అనుమానం ఉంటేనే ఇస్తామన్నారు. ఆపరేషన్‌కి దరఖాస్తు పెడితే, రోగం లేని అవయవానికి ఆపరేషన్ ఎలా మంజూరు చేస్తాం అని తిప్పి పంపారు. క్యాన్సర్ వస్తే మాత్రం ఆపరేషన్, కీమో, ఓలాపరిబ్ అన్నీ ఇస్తారట. సార్, నేను అడుగుతున్నది ఆ రోగం రాకుండా చూడమని. వచ్చాక అయ్యే ఖర్చంతా పెట్టడానికి సిద్ధంగా ఉన్న పథకం, రాకముందు ఒక్క ఆపరేషన్‌కి ఒప్పుకోకపోతే నేను ఎవరితో చెప్పుకోవాలి?

నా అవస్థ చూసి మా చెల్లి పరీక్షే వద్దంటోంది. "ఉందని తెలిసి ఏం చేసుకోను అక్కా, నీకేం చేశారు?" అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. మా అన్నయ్య అయితే ఇది ఆడవాళ్ల జబ్బు అనుకునేవాడు. మగవాళ్ల నుంచి కూడా పిల్లలకు వస్తుందని, బీఆర్‌సీఏ2లో అయితే మగవాళ్లకు కూడా ప్రొస్టేట్, క్లోమ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుందని ఎవరైనా కూర్చోబెట్టి చెప్తే కదా తెలిసేది. అన్నయ్యకు ఇద్దరు ఆడపిల్లలు. నాన్న వైపు మేనత్త చిన్న వయసులోనే కడుపులో గడ్డతో పోయింది. అది ఏ గడ్డో అప్పట్లో ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి అవకాశం ఉంది, అడిగే మనుషులమూ ఉన్నాం, పరీక్షే అందడం లేదు.

ఖర్చు ఎక్కువ అని మీ అధికారులు అంటారని విన్నాను. అక్కకు చేసినప్పుడు జన్యువులు మొత్తం చదవాలి, నిజమే. మాకు అలా అక్కర్లేదు. అక్క రిపోర్ట్‌లో మార్పు ఎక్కడుందో రాసే ఉంది. ఆ ఒక్కచోట చూస్తే చాలు, పూర్తి పరీక్షకంటే చాలా తక్కువ పని. పైగా చేయించుకున్న వాళ్లలో సుమారు సగం మందికి లేదనే తేలుతుంది. ఆ ఇంటి మార్పు లేదని తేలినవాళ్లకు ఈ ప్రత్యేక స్కానులు, ఆపరేషన్లు అక్కర్లేదు, వాళ్ల పిల్లలకు ఆ మార్పు వాళ్ల నుంచి పోదు. చెల్లికి లేదని తేలితే అది ఈ రాత్రి నుంచే కంటినిండా నిద్రపోతుంది. ఆ నిద్రకూడా మీ చేతిలోనే ఉంది సార్.

ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. మాతోపాటు వినతిపత్రం ఇచ్చిన ఒక కుటుంబంలో లించ్ సిండ్రోమ్, అంటే పెద్దపేగు వంటి క్యాన్సర్ల ముప్పు వంశపారంపర్యంగా వచ్చే స్థితి. డీఎన్‌ఏ నకలు తీసేటప్పుడు పడే అక్షర దోషాలను దిద్దే ఎంఎల్‌హెచ్1 జన్యువు వాళ్లలో పాడైంది. ఆ ఇంటి పెద్దాయనకు పెద్దపేగు క్యాన్సర్ వస్తే, దిద్దుబాటు లోపం ఉంది కాబట్టి పని చేస్తుందని ఇమ్యునోథెరపీ, అంటే శరీర రక్షణ శక్తిని క్యాన్సర్ మీదికి పంపే చికిత్స, ఇచ్చారు. మంచిదే. ఆయన కొడుకులకు మాత్రం పెద్దపేగు లోపల కెమెరాతో చూసే కొలనోస్కోపీ పథకంలో లేదు. లించ్ ఉన్నవాళ్లకు ఏడాదికో రెండేళ్లకో ఆ పరీక్ష చేస్తూ ఉంటే, గడ్డ క్యాన్సర్‌గా మారకముందే తీసేయొచ్చు. అలాంటివాళ్లు రోజూ ఆస్పిరిన్ వాడితే పేగు క్యాన్సర్ ముప్పు బాగా తగ్గుతుందని 2011లోనే రుజువైంది. ఆస్పిరిన్ కూడా వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇంకో ఇంట్లో ఒకావిడ రిపోర్ట్ మీద "అర్థం తేలని మార్పు" అని వచ్చింది. అంటే హాని చేస్తుందో లేదో ఇంకా తెలియని తేడా అని, దాన్ని బట్టి ఆపరేషన్లు చేయించుకోకూడదని చెప్పే జన్యు సలహాదారు ఆ ఆసుపత్రిలో లేరు. అలాంటి మార్పులు తర్వాత్తర్వాత చాలావరకు హానిలేనివిగా తేలుతుంటాయి. తేలినా ఆ ఇంటికి కబురు చేసే ఏర్పాటు లేదు. ఆవిడ ఆ కాగితం చూసుకుని ఏడుస్తూనే ఉంది.

చెప్పుకుంటూ పోతే కీమో మందుల సంగతీ ఉంది. ఫ్లోరోయురాసిల్ ఎక్కించే ముందు డీపీవైడీ జన్యువు చూడకపోతే, ఆ మందును విరగ్గొట్టుకోలేని కొద్దిమందికి ప్రాణం మీదికి వస్తుంది. ముందే పరీక్షించమని యూరప్ మందుల సంస్థ 2020లో చెప్పింది. ఇది మరమ్మతు జన్యువు కాదు, వేరే విషయం. మనిషికీ మనిషికీ మధ్య జన్యువుల్లో ఉండే తేడాను పథకం లెక్కలోకి తీసుకోవడం లేదు అనడానికే చెప్తున్నాను.

మంత్రి గారూ, దయచేసి వినండి. క్యాన్సర్ రోగికి జన్యువులో హాని చేసే మార్పు దొరికిన ప్రతి ఇంట్లో తోడబుట్టినవాళ్లకు, పెద్దవాళ్లయిన పిల్లలకు, తల్లిదండ్రులకు ఆ ఒక్క మార్పు పరీక్ష ఉచితంగా చేయించండి. ఉందని తేలినవాళ్లకు ఎంఆర్ఐ, కొలనోస్కోపీ, నివారణ ఆపరేషన్ మంజూరు చేయండి. కనీసం పెద్ద ఆసుపత్రుల్లోనైనా జన్యు సలహాదారులను పెట్టండి. ఆ రిపోర్టులు చూపి ఉద్యోగంలోగానీ బీమాలోగానీ ఎవరినీ పక్కన పెట్టకుండా రక్షణ ఇవ్వండి. అన్నీ ఒకేసారి కుదరకపోతే ముందు పరీక్ష అయినా ఇవ్వండి. అదీ ఆలస్యమైతే, రోగి కానివాళ్లను కౌంటర్ నుంచి వెనక్కి పంపకండి అని ఒక్క ఉత్తర్వు అయినా ఇవ్వండి.

నా ఆపరేషన్ దరఖాస్తు మీ శాఖలోనే ఉంది. చెల్లిని ఒప్పించే బాధ్యత నాది, పరీక్ష చేయించే బాధ్యత మీరు తీసుకోండి. ఈసారి వచ్చే జవాబులో పరిశీలనలో ఉంది అనే మాట కాకుండా ఏ తేదీ నుంచి చేస్తారో రాయండి.

ఇట్లు,
మీ పథకంలో మందులు వాడుతున్న ఒక రోగి చెల్లెలు