లిపి మారిన ప్రతిసారీ నలిగింది టీచరే

సంపాదకుల వారికి,

ఆగస్టు 1 అజర్‌బైజాన్‌లో లిపి, భాషా దినోత్సవం. ఆ సందర్భంగా అక్కడి భాషా టీచర్ల గురించి మీ పత్రికలో ఒక వ్యాసం వేయాలని కోరుతున్నాను.

ఒకప్పుడు వాళ్ల భాషకు అరబిక్ లిపి. సోవియట్ పాలనలో 1929లో లాటిన్ (ఇంగ్లిషు రాసే) లిపిని తప్పనిసరి చేశారు. 1940కల్లా రష్యన్ రాసే సిరిలిక్ లిపి వచ్చింది. 1920ల్లో ఉద్యోగంలో చేరిన టీచరు రిటైరయ్యేలోపు మూడు లిపుల్లో అక్షరాలు దిద్దించాల్సి వచ్చింది. పిల్లలకు నేర్పేముందు తాను నేర్చుకోవాలి. తాత రాసిన ఉత్తరం మనవడు చదవలేని ఇళ్లెన్నో! 1991లో మళ్లీ లాటిన్.

లిపి ఒక్కటే కాదు, ప్రాణాలూ పోయాయి. 1926లో అజర్‌బైజాన్ రాజధాని బాకులో తుర్కిక్ భాషల (టర్కీ భాష, అజర్‌బైజానీ వంటి సోదర భాషల) మహాసభ జరిగింది. అందులో ముఖ్యపాత్ర వహించిన ప్రొఫెసర్ బెకిర్ చొబాన్‌జాదే క్రిమియాకు చెందిన తాతార్ జాతివాడు. బాకులో పాఠాలు చెప్పిన ఆ భాషావేత్తను స్టాలిన్ ప్రభుత్వం 1937లో అరెస్టు చేసి, అదే ఏడాది కాల్చి చంపింది. అలాంటి రోజుల్లో మామూలు బడిపంతులు ఎంత టెన్షన్‌తో నల్లబల్ల ముందు నిలబడి ఉంటాడో ఊహించుకుంటేనే గుండె బరువెక్కుతుంది.

సరిహద్దుకు అవతల ఇరాన్‌లో, తబ్రీజ్‌లో 1945-46లో సుమారు ఏడాదిపాటు అజర్‌బైజానీలో చదువులు సాగాయి. 1946 డిసెంబరులో అక్కడి అజర్‌బైజానీల స్వయంపాలిత ప్రభుత్వం కూలగానే ఆ పాఠ్యపుస్తకాలను తగలబెట్టారు.

భాషా ఉద్యమాల చరిత్రలో నాయకుల పేర్లు చదువుతాం. ఈ టీచర్ల కథ మన బి.ఎడ్. విద్యార్థులకు కూడా తెలియాలి.

– ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, తెనాలి