సాయం పద్దులో అప్పులు

సంపాదకులకు నమస్కారం.

వాతావరణ మార్పులపై ఏటా జరిగే అంతర్జాతీయ సదస్సుల వార్తల్లో 'వాతావరణ నిధులు' అన్న మాట తరచూ కనిపిస్తుంది. ఆ మార్పులను తట్టుకోవడానికి పేద దేశాలకు సంపన్న దేశాలు సమకూర్చే సొమ్ము అది. ఆ నిధులు ఎన్ని వేల కోట్ల డాలర్లన్న లెక్క మీదే చర్చ అంతా సాగి, ఆ సొమ్ము తిరిగి కట్టనక్కర లేనిదా, కట్టవలసినదా అన్న సంగతి మరుగున పడుతోంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘానికి చాలాకాలం కార్యదర్శిగా పనిచేసిన నాకు ముందుగా తేలవలసినది ఆ సంగతేనని అనిపిస్తుంది. ఎందుకో వివరించడానికే ఈ లేఖ రాస్తున్నాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. పొద్దు పొడిచేసరికి కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగి ఉన్నాయి. పడిపోయిన చెట్లు లెక్కకు వచ్చాయి గాని, నిలబడి ఉండీ మొవ్వు విరిగిన కొబ్బరి చెట్లు ఆ తరువాత కొన్ని నెలలకు ఒక్కొక్కటిగా ఎండిపోయాయి. మా వైపు పెంచే నాటు రకం కొబ్బరి మళ్లీ నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. రంపపు పొట్టు అంటిన చేతులతోనే సొసైటీ వరండాలోకి వచ్చిన రైతులు ఎంత వస్తుందని అడగలేదు. "ఇది పరిహారమా, రీషెడ్యూలా?" అని అడిగారు. పరిహారం అంటే ఖాతాలో పడి రైతుదైపోయే సొమ్ము. రీషెడ్యూల్ అంటే ఏడాదిలో తీర్చవలసిన పంట రుణాన్ని మధ్యకాలిక రుణంగా మార్చి, వాయిదాలను ముందుకు జరపడం. ఈ ఏడాదికి ఊపిరి ఆడుతుంది గాని అసలు తగ్గదు, వడ్డీ ఆగదు. ఆ రెండింటికీ ఉన్న తేడా సంతకం పెట్టడం రాని రైతుకు కూడా స్పష్టంగా తెలుసు. అంతర్జాతీయ లెక్కల్లో మాత్రం ఆ రెండూ ఒకే పద్దులో కలిసిపోతున్నాయి.

2009లో కోపెన్‌హాగన్ సదస్సులో సంపన్న దేశాలు 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని మాట ఇచ్చాయి. ప్రధానంగా సంపన్న దేశాల కూటమి అయిన ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ లెక్క ప్రకారం ఆ మాట రెండేళ్లు ఆలస్యంగా, 2022లో, 11,590 కోట్ల డాలర్లతో నెరవేరింది. అయితే అందులో ప్రభుత్వాల నుంచి, అంతర్జాతీయ బ్యాంకుల నుంచి వచ్చిన సొమ్ములో దాదాపు 70 శాతం అప్పులే. తిరిగి కట్టవలసిన ఆ అప్పుల పూర్తి మొత్తాన్ని కూడా సాయం కిందనే జమ కట్టారు. ఫ్రాన్స్, జపాన్ వంటి దేశాలు ఇచ్చినదాంట్లో అత్యధిక భాగం రుణమే. మా సంఘంలో ఒక రైతుకు లక్ష రూపాయల రుణం ఇచ్చి, పుస్తకంలో లక్ష రూపాయల పరిహారం ఇచ్చినట్టు రాసి ఉంటే, ఆడిటర్ ఆ పుస్తకాన్ని అక్కడే మూసి నా మీద నివేదిక రాసేవాడు.

ఇందులో ఒక తేడాను నేను ఒప్పుకుంటాను. సౌర విద్యుత్ కేంద్రానికో, మెట్రో రైలుకో అప్పు తీసుకోవడంలో తప్పు లేదు. అవి రాబడి తెస్తాయి, ఆ రాబడిలో నుంచి వాయిదా కట్టవచ్చు. కానీ తుపాను షెల్టరు, కరకట్ట, ఉప్పునీరు చేరిన పొలాన్ని మళ్లీ సాగులోకి తెచ్చే పని, కూలిన తోటను తిరిగి పెంచే పని ఒక్క రూపాయి కూడా వెనక్కి తెచ్చేవి కావు. అవి ఉన్నది నిలుపుకోవడానికి చేసే ఖర్చు. నిజానికి మన రాష్ట్రమూ ఇటువంటి రుణాలతో మేలు పొందింది. 2014 అక్టోబరులో విశాఖను హుద్‌హుద్ తుపాను ముంచెత్తిన తరువాత పునరుద్ధరణకు ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్లు ఇచ్చింది. అదీ రుణమే. భారతదేశం వంటి పెద్ద దేశం దాన్ని మోయగలదు. మొజాంబిక్ వంటి దేశం పరిస్థితి వేరు.

2019 మార్చిలో ఇడాయ్ తుపాను మొజాంబిక్ రేవు పట్టణం బెయిరాను తుడిచిపెట్టింది. ప్రపంచ కర్బన ఉద్గారాలలో ఆ దేశపు వాటా నామమాత్రం. అప్పటికే విదేశీ రుణాలు తీర్చలేక చిక్కుల్లో పడి ఉన్న ఆ దేశానికి నెల తిరిగేసరికి అంతర్జాతీయ ద్రవ్య నిధి నుంచి అందినది 11.8 కోట్ల డాలర్ల అప్పు. వడ్డీ లేని మాట నిజమే గాని అప్పు అప్పే. పాకిస్తాన్‌లో 2022 వరదల తరువాత జెనీవా సమావేశంలో దాతలు 900 కోట్ల డాలర్లకు పైగా ప్రకటించినప్పుడు, అందులో 90 శాతం ప్రాజెక్టు రుణాలేనని ఆ దేశ ఆర్థిక మంత్రే చెప్పారు. పొరుగు దేశంతో మనకున్న వైరం ఎటువంటిదైనా, సింధు తీరపు రైతు నష్టం మా ఉద్దానం రైతు నష్టం వంటిదే.

2024లో బాకులో జరిగిన వాతావరణ సదస్సు, కోపెన్‌హాగన్ నాటి లక్ష్యాన్ని 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లకు పెంచింది. ఆ తీర్మానం ఆమోదం పొందినట్టు సుత్తి మోగిన తరువాత గాని భారత ప్రతినిధి చాందినీ రైనాకు మాట్లాడే అవకాశం రాలేదు. ఆ పత్రం కంటికి కనిపించే భ్రమ తప్ప మరొకటి కాదన్న ఆమె అభ్యంతరంతో నేను ఏకీభవిస్తున్నాను. అయితే మన దేశపు వాదన ఎక్కువగా మొత్తం చాలదన్న దాని మీదే నిలిచింది. అందులో తిరిగి కట్టనక్కర లేని గ్రాంటు ఎంత, అప్పు ఎంత అన్నది విడివిడిగా చూపాలని, అప్పును పూర్తి విలువతో సాయంగా లెక్కించకూడదని కూడా అంతే గట్టిగా పట్టుబట్టవలసి ఉంది. మొత్తాన్ని రెట్టింపు చేసినా అందులో అప్పుల వాటా ఇలాగే ఉంటే పేద దేశాల బాకీ కూడా రెట్టింపవుతుంది.

అప్పు తప్పనిసరి అయినచోట మరో మార్గం ఉంది. కరీబియన్ ద్వీప దేశం గ్రెనడా 2004 నాటి ఐవాన్ తుపానుతో అప్పులపాలై, 2015లో రుణదాతలతో ఒప్పందాలు తిరగరాసుకున్నప్పుడు అందులో తుపాను నిబంధన ఒకటి చేర్చింది. నిర్ణీత స్థాయికి మించి తుపాను నష్టం జరిగితే కొంతకాలం వాయిదాలు ఆపుకోవచ్చునని దాని సారాంశం. 2024 జులై 1న బెరిల్ తుపాను ఆ దేశానికి చెందిన కరియాకూ దీవిని ధ్వంసం చేసినప్పుడు ప్రభుత్వం ఆ నిబంధనను వాడుకుని, వాయిదాల సొమ్మును సహాయ చర్యలకు మళ్లించగలిగింది. ఇది కూడా రీషెడ్యూలే. కానీ ముందే రాసిపెట్టుకున్న రీషెడ్యూలు. మా అనుభవంలో మండలాన్ని ప్రభావిత ప్రాంతంగా ప్రకటించి, బ్యాంకర్లు సమావేశమై తీర్మానించి, ఆ ఉత్తర్వు సంఘానికి చేరేసరికి రైతు అప్పటికే బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకుని ఉండేవాడు. ఒకాయన ఆ ఉత్తర్వు చదివించుకుని, మడిచి పాసు పుస్తకంలో పెట్టుకుని, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ముందే రాసి ఉన్న నిబంధన ఆ నెలల ఆలస్యాన్ని తప్పిస్తుంది.

బార్బడోస్ ప్రధాని మియా మోట్లే ఈ విషయాన్ని అంతర్జాతీయ వేదికలపై ముందుకు తెచ్చాక, 2023 జూన్‌లో ప్రపంచ బ్యాంకు చిన్న దేశాలకు ఇటువంటి నిబంధన ఇస్తామని ప్రకటించింది. జనాభా కొద్దిగా ఉన్న దేశాలకే దాన్ని పరిమితం చేయడం సరికాదు. మొజాంబిక్, బంగ్లాదేశ్ వంటి తీర దేశాలన్నిటికీ అది వర్తించాలి.

ఇక్కడ మన ప్రభుత్వం చేయగల పని ఒకటి ఉంది. భారతదేశం ఇప్పుడు అప్పు తీసుకునే దేశమే కాదు, ప్రభుత్వ ఎగుమతి, దిగుమతుల బ్యాంకు (ఎగ్జిమ్ బ్యాంకు) ద్వారా ఆఫ్రికా, ఆసియా దేశాలకు రుణ సదుపాయాలు ఇస్తున్న దేశం కూడా. ఆ జాబితాలో మొజాంబిక్ ఉంది. ఇడాయ్ వచ్చినప్పుడు మన నౌకాదళం, తీర రక్షక దళం ఓడలు బెయిరా రేవుకు వేగంగా చేరి, నీట చిక్కుకున్నవారిని కాపాడి, మందులు, ఆహారం అందించాయి. ఆ రేవుకు ఓడను పంపిన దేశమే రుణపత్రం మీద సంతకం చేసేటప్పుడు, తుపాను వస్తే రెండేళ్లు వాయిదాల సొమ్ము అడగబోమని ఒక పేరా చేర్చవచ్చు. అందుకు ఏ అంతర్జాతీయ సదస్సు ఆమోదమూ అవసరం లేదు. కేంద్ర ఆర్థిక, విదేశాంగ శాఖలు ఇకపై ఇచ్చే రుణాలతోనే ఆ పని మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక విశ్రాంత సహకార సంఘ కార్యదర్శి,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా