ఎనిమిది ఫిర్యాదు టికెట్ నంబర్లు ఇచ్చారు, ఒక్క జవాబు ఇవ్వలేదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: మీ ట్రావెల్ సంస్థ స్పెయిన్‌లోని ఆవిలాలో ఏర్పాటు చేసిన గాన శిబిరంపై నా ఫిర్యాదును నాలుగు నెలలుగా పట్టించుకోకపోవడం గురించి.

అయ్యా,

ఇంతవరకు మీకు ఇంగ్లిష్‌లో పదకొండు ఈమెయిళ్లు రాశాను. ఒక్కదానికీ మనిషి రాసిన జవాబు రాలేదు. మీరూ తెలుగువారే, మీ హైదరాబాద్ ఆఫీసులో అందరూ మాట్లాడేదీ తెలుగే. అందుకని ఈసారి నాకు కోపం ఏ భాషలో వస్తుందో ఆ భాషలోనే రాస్తున్నాను.

జరిగింది క్లుప్తంగా చెబుతాను. వారం రోజులు ఆవిలాలో ఉండి, స్పెయిన్ సంగీతకర్త తొమాస్ లూయిస్ దె విక్టోరియా 1605లో అచ్చు వేయించిన ‘ఒఫిషియుమ్ డెఫుంక్టోరుమ్’ (చనిపోయినవారి కోసం పాడే ప్రార్థన సంగీతం) నేర్చుకుని, చివరి రోజు అక్కడి చర్చిలో పాడతామని మీ బ్రోచర్‌లో ఉంది. అది ఆరు గొంతుల సంగీతం. రెండు సొప్రానోలు (ఆడవాళ్ల పై గొంతు), ఒక ఆల్టో (దాని కింది గొంతు), రెండు టెనార్లు (మగవాళ్ల పై గొంతు), ఒక బేస్ (అన్నిటికన్నా కింది గొంతు). తీరా వెళ్తే మొత్తం ముప్పై నాలుగు మందిలో టెనార్లు ఇద్దరే, అందులో ఒకాయనకు జ్వరం. మూడో రోజుకల్లా మాస్టారు ఆ స్కోర్లు, అంటే స్వరాలు రాసిన పుస్తకాలు, పక్కన పెట్టించి నాలుగు గొంతుల చిన్న పాటలు చేతికిచ్చారు. ఆయన తప్పేమీ లేదు, ఉన్నవాళ్లతోనే నెట్టుకొచ్చారు. ఏ గొంతువాళ్లు ఎంతమంది వస్తున్నారో డబ్బు కట్టించుకునే ముందే చూసుకోవలసింది మీరు. మీ ఫారంలో ఆ ప్రశ్న ఉంది కూడా.

నిజానికి దానికి సర్దుకునేదాన్నే. ముప్పై ఏళ్లుగా సికింద్రాబాద్‌లో మా చర్చి క్వయర్‌లో పాడుతున్నాను, టెనార్లు దొరక్క అవస్థ పడటం నాకు కొత్త కాదు. తిరిగొచ్చాక మీవాళ్లెవరైనా ఫోన్ చేసి ‘అమ్మా, మా పొరపాటే’ అని ఉంటే అక్కడితో పోయేది.

జరిగిందేమిటంటే, మీ కో-ఆర్డినేటర్‌కు ఆవిలా నుంచే వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. బ్లూ టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. ఇంటికొచ్చి కస్టమర్ కేర్‌కు చేశాను. నలభై నిమిషాలు లైన్లో ఉంచి ఒక టికెట్ నంబర్ ఇచ్చారు. రెండు రోజులకు ‘మీ సమస్య పరిష్కరించబడింది, రేటింగ్ ఇవ్వండి’ అని ఎస్సెమ్మెస్. ఎవరు పరిష్కరించారు? ఎలా? మళ్లీ చేస్తే మళ్లీ కొత్త నంబర్, మళ్లీ మొదట్నుంచి కథంతా చెప్పాలి. అలా ఎనిమిది నంబర్లు నా డైరీలో ఉన్నాయి. ఇది రెనసాన్స్ సంగీతం, అంటే నాలుగైదు వందల ఏళ్ల నాటి యూరప్ సంగీతం, అని చెబితే ఒకమ్మాయి ‘రెనసాన్స్ అంటే మీరు దిగిన హోటల్ పేరా మేడమ్?’ అని అడిగింది. తెలియకపోవడం తప్పు కాదు, ఓపిగ్గా చెప్పాను. అంతా విని, కార్యక్రమం సంగతి విదేశీ పార్ట్‌నర్‌ను అడగమంది. వాళ్లకు రాస్తే, మీరు ఎక్కడ బుక్ చేసుకున్నారో వాళ్లనే అడగండి అన్నారు. ఇద్దరి మధ్య రెండు నెలలు బంతిలా తిరిగాను.

ఇక లాభం లేదని మీ ఆఫీసుకే వచ్చాను. గంటంబావు కూర్చోబెట్టాక ఒక అబ్బాయి వచ్చి, పసుపు చీటీ మీద ‘సింగింగ్ ప్రాబ్లం’ అని రాసుకుని, నా ఫోన్ నంబర్ కూడా అడగకుండా దాన్ని కంప్యూటర్ అంచుకు అంటించాడు. మూడు వారాల తర్వాత మళ్లీ వెళ్తే ఆ చీటీ అక్కడే ఉంది. అంచు ముడుచుకుపోయి, ఫ్యాను గాలికి ఊగుతోంది. ఆ రోజు మెట్లు దిగుతుంటే నాకు ఏడుపొచ్చింది.

అన్నిటికన్నా బాధపెట్టింది మీ సీనియర్ ఒకరు ఫోన్లో అన్న మాట. ‘పాడారు కదా మేడమ్, పాట మారితే ఏమైంది?’ పెళ్లికి నాదస్వరం మాట్లాడుకుంటే బ్యాండ్ మేళాన్ని పంపి, వాయించారు కదా అంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

విక్టోరియా చిన్నప్పుడు పాడింది ఆవిలా కెథీడ్రల్‌లోనే. 1603లో మరియా మహారాణి చనిపోతే ఆమె కోసం రాసిన సంగీతం ఇది. ఆమె ఉన్న మఠంలోనే ఆయన ఏళ్ల తరబడి గురువుగా సేవ చేశాడు. ఇందులో నేను పాడే రెండో సొప్రానోకు చాలా చోట్ల పాత ప్రార్థన రాగమే ఉంటుంది. మిగతా ఐదు గొంతులు చుట్టూ అల్లుకుంటూ పోతుంటే, మనం పొడుగాటి స్వరాలను కదలకుండా పట్టుకోవాలి. చిన్నప్పుడు మా క్వయర్ మాస్టారు నేర్పిన టానిక్ సోల్‌ఫాను (మన సరిగమల్లా దో, రే, మీ అని స్వరాలు రాసే పద్ధతి) స్కోరు నిండా పెన్సిల్‌తో రాసుకుని, రోజూ తెల్లవారుజామున నాలుగు నెలలు సాధన చేశాను. ‘నా వీణ శోకంగా మారిపోయింది’ అని బైబిల్లో యోబు మొరపెట్టుకునే మాటకు కట్టిన భాగం దగ్గర ఊపిరి చాలక ఎన్నిసార్లు ఆపి మళ్లీ మొదలుపెట్టానో. మా అమ్మ పోయి అప్పటికి ఏడాది. ఆమె కోసం అక్కడ పాడాలనుకున్నాను. ఇదంతా మీ టికెట్‌లో ఏ గడిలో రాయాలి?

మీ సంస్థతో ఇది నా మూడో ప్రయాణం. నా మాట నమ్మి మా క్వయర్ నుంచి ఐదుగురు మీ దగ్గర బుక్ చేసుకున్నారు. వచ్చే ఏడాదికి ఇంకో నలుగురు అడిగితే ఆగమన్నాను.

కట్టిన 2,85,000 రూపాయల్లో న్యాయంగా ఎంత వెనక్కివ్వాలో మీరే ఆలోచించండి. విడి గదికని తీసుకున్న డబ్బు మాత్రం మొత్తం ఇవ్వాలి, ఆ గది నాకు ఇవ్వనే లేదు. పదిహేను రోజులు చూస్తాను. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనున్న ఊళ్లోనే కేసు వేయొచ్చు, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. మెసేజ్‌లు, ఎస్సెమ్మెస్‌లు అన్నీ ప్రింట్ తీసి ఫైల్ చేశాను. ఆ పసుపు చీటీకి ఫొటో కూడా తీశాను.

ఈ లేఖను స్పీడ్ పోస్టులో పంపుతున్నాను, రసీదు నా దగ్గరుంది. దీనికి తొమ్మిదో టికెట్ నంబర్ పంపకండి. పేరూ సంతకమూ ఉన్న జవాబు పంపండి.

ఇట్లు,
మీ పాత కస్టమర్, సికింద్రాబాద్