కాగితానికి డబ్బు, కొలిమికి ఇటుక

సంపాదకుల వారికి,

నమస్కారం. ఫర్నేసు ప్రమాదం వార్త వచ్చినప్పుడల్లా అందులో 'మానవ తప్పిదం' అన్న మాట తప్పకుండా కనిపిస్తుంది. ఆ మానవుడు ప్రతిసారీ కొలిమి ముందు నిలబడినవాడే. లోపలి ఇటుకను కొన్న మనిషి ఊసు ఎక్కడా రాదు. ముప్పై ఏళ్లకు పైగా లైనింగ్ పని, అంటే కొలిమి లోపలి గోడకు వేడి తట్టుకునే ఇటుక పేర్చే పని, చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కాబట్టి, ఆ రెండో మనిషి గురించి నాలుగు మాటలు రాస్తున్నాను. ఫర్నేసుల్లో కొన్నింటి వెనక ఉన్నది ప్రజల సొమ్మే కనుక ఇది కర్మాగారం గోడలు దాటి మాట్లాడుకోవలసిన సంగతి.

కరిగిన ఉక్కు 1600 డిగ్రీల సెల్సియస్ వేడి మీద ఉంటుంది. దాన్ని మోసే లేడిల్ అనే పెద్ద పాత్ర కూడా ఉక్కుదే, 1500 డిగ్రీలకు కాస్త అటూఇటూగా అదీ కరిగిపోతుంది. ఆ రెండింటి మధ్యా అడ్డం ఉన్నది జానెడు మందం ఇటుక. అలాంటి ఇటుకల్లో చాలావాటికి మూలం మెగ్నసైట్ అనే ఖనిజం, దాన్ని కాలిస్తే వచ్చేది మెగ్నీషియా. ప్రపంచంలో తవ్వే మెగ్నసైట్‌లో సగానికి పైగా చైనాదే, అందులోనూ ముఖ్యంగా లియావోనింగ్ రాష్ట్రానిది. కాబట్టి విదేశీ సరుకు వద్దనడం నా ఉద్దేశం కాదు. అక్కడి నుంచి వచ్చిన మేలైన ఇటుకలను నా చేతులతోనే పేర్చాను. నా పేచీ అంతా కొనే పద్ధతితో.

ఓడ మీద వచ్చే సరుకుకు చాలాసార్లు లెటర్ ఆఫ్ క్రెడిట్ మీద, అంటే పత్రాలు సరిగ్గా ఉంటే చెల్లిస్తామని కొనేవాడి బ్యాంకు ఇచ్చే హామీ మీద, డబ్బు చెల్లిస్తారు. దీనికి బ్యాంకులు పాటించే నియమావళి యూసీపీ 600, 2007 జులై నుంచి అమల్లో ఉంది. బ్యాంకుల లావాదేవీ పత్రాలతోనే తప్ప సరుకుతో కాదని అందులోని 5వ అధికరణం తేల్చి చెబుతుంది. బ్యాంకును తప్పుపట్టలేం, ఇటుక మంచిచెడ్డలు దానికేం తెలుస్తాయి? కానీ ఆ పత్రాల్లో ఒకటైన నాణ్యతా ధ్రువపత్రాన్ని రాసేది ఎవరు? అమ్మేవాడే. వండినవాడే రుచి చూసి బాగుందని సంతకం పెడితే, ఆ సంతకం చూసి మనం డబ్బు కట్టేస్తున్నాం. ఇటుక ముఖం చూసేది నెలన్నర తర్వాత.

అలా చూసిన రోజొకటి నాకు ఇప్పటికీ గుర్తే. మెగ్నీషియా ఇటుకల పెట్టె తెరిచాం. పైన కప్పిన ప్లాస్టిక్ లోపలి వైపు నీటి బొట్లు. పై వరసలో సన్నని తెల్లటి గీతలు, సాలెగూడు అల్లినట్టు. మంచి ఇటుకను చిన్న సుత్తితో కొడితే కంచు మోగినట్టు మోగాలి. ఇది తడిసిన కర్రలా పలికింది. మూల మీద బొటనవేలు నొక్కితే పిండి రాలింది. మెగ్నీషియాకు తేమ తగిలితే మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌గా మారి రెట్టింపుకు మించి ఉబ్బుతుంది, ఇటుక లోపలి నుంచే పగులుతుంది. కంటైనర్‌లో పగటి వేడికీ రాత్రి చలికీ చెమ్మ పడుతుందని ఓడ సరుకుతో పరిచయమున్న ఎవరికైనా తెలుసు. ధ్రువపత్రంలో మాత్రం అంకెలన్నీ ముత్యాల్లా ఉన్నాయి. బహుశా ఓడ ఎక్కేనాటికి నిజమే కూడానేమో! డబ్బు అప్పటికే వెళ్లిపోయింది. మరో సరుకు వచ్చేదాకా ఫర్నేసు ఆపే ధైర్యం ఎవరికీ లేదు. ఏరి, బాగున్నవాటితో సర్దుకున్నాం. 'సర్దుకున్నాం' అన్న ఈ మాట ప్రమాదాల విచారణ నివేదికల్లో ఎక్కడా కనిపించదు.

బస్తాల్లో వచ్చే కాస్టబుల్, అంటే నీళ్లు కలిపి కాంక్రీటులా పోసే సరుకు, సంగతీ అంతే. సిమెంటు కలిసిన సరుకు కాబట్టి దానికి ఆయుష్షు నెలల్లోనే. అందులో కొంత సముద్రమే తినేస్తుంది. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో నౌకలపై దాడులు మొదలయ్యాక ఐరోపా నుంచి వచ్చే చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి రావలసి వచ్చింది. ఆ అదనపు రోజులు కూడా బస్తా ఆయుష్షులోంచే పోతాయి. అయినా తయారీ తేదీని ఒప్పందంలో షరతుగా రాయించేవారు తక్కువ.

ఇక చవక మాట. ఒక ఇటుక టన్ను వంద, ఇంకొకటి ఎనభై అనుకుందాం. మొదటిది అరవై హీట్లు (ఒక విడత ఉక్కు కరిగిస్తే ఒక హీటు) నిలిచి రెండోది నలభైకే అరిగిపోతే, హీటుకు పడే ఖర్చు రెండోదానికే ఎక్కువ. మళ్లీ లైనింగ్ వేసే కూలీ, ఆగిపోయిన ఉత్పత్తి ఇంకా లెక్కలోకి రానే లేదు. పలక మీద చేసే లెక్క ఇది. అయినా టెండర్లు టన్ను ధర దగ్గరే ఆగిపోతాయి, ఎందుకంటే తక్కువ ధరకు కొన్నవాణ్ణి ఏ తనిఖీ అధికారీ ప్రశ్నించడు.

నేను అడిగేది కొత్తదేమీ కాదు. లెటర్ ఆఫ్ క్రెడిట్‌లో అడిగే పత్రాల్లోనే, ఇరుపక్షాలకూ చెందని తనిఖీ సంస్థ ఓడ ఎక్కే ముందు ఇచ్చే పరీక్ష పత్రాన్ని చేర్చవచ్చు. అది లేనిదే బ్యాంకు డబ్బు విడుదల చేయదు, నియమం మన వైపే పనిచేస్తుంది. అదే లాట్ నుంచి సీలు వేసిన నమూనాలను కొన్నవారి దగ్గర ఉంచాలి. సరుకు దిగాక సాంద్రత, రంధ్రాల శాతం, నలుగుడు బలం మళ్లీ చూడాలి. వీటికి ఐఎస్ఓ పద్ధతులు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఒక్క జాగ్రత్త: మెగ్నీషియా ఇటుకను నీళ్లలో ముంచి పరీక్షిస్తే పరీక్షే దాన్ని పాడు చేస్తుంది, నీటికి బదులు కిరోసిన్ వంటి ద్రవం వాడాలి. ఇది తెలియని ప్రయోగశాలను కూడా చూశాను. బిల్లులో కొంత భాగాన్ని లైనింగ్ ఒప్పుకున్నన్ని హీట్లు నిలిచాకే చెల్లించాలి.

ఒకే చోటి మీద ఆధారపడే చిక్కు వేరే ఉంది. 2017లో లియావోనింగ్‌లో పర్యావరణ తనిఖీలతో గనులు, బట్టీలు మూతపడి మెగ్నీషియా ధర ఎగబాకినప్పుడు, రెండో సరఫరాదారు లేనివారు చెప్పిన ధరకల్లా తలూపారు.

మరొక్క మాట. వేడి బయటికి పోకుండా కొలిమికి వేసే సిరామిక్ ఫైబర్ దుప్పట్లలోని పీచును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2బీ వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది. ఆ దుప్పట్ల పెట్టెల మీది హెచ్చరికలు చాలాసార్లు అమ్మేవారి భాషలోనే ఉంటాయి. మా కుర్రవాళ్లు మాస్కు లేకుండా వాటిని కత్తిరించి, భుజం దులుపుకుని టీ తాగడానికి వెళ్లేవారు. ఆ హెచ్చరికను పనివాడి భాషలోకి మార్చి పెట్టె మీద అతికించమని మూడుసార్లు రాసి ఇచ్చాను. మూడో కాగితం మీద 'పరిశీలనలో ఉంది' అని రాసి తిప్పి పంపారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత లైనింగ్ ఫోర్‌మన్