మామ్మ పది రూపాయలు

ఒరే బావా,

వందనాలు. నువ్వు రాసి మూడు నెలలైంది, జవాబివ్వలేదు. తిట్టుకో, పడతాను. నాట్లు, నాన్నగారి కంటి ఆపరేషన్, చిన్నదానికి జ్వరం, అన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి. ఇప్పుడందరం బాగున్నాం. అమ్మ ఆవకాయ పంపుతోంది, దాంతోపాటే ఈ కాయితం. అసలు సంగతి నీకు చెప్తే గానీ నాకు అన్నం సయించేలా లేదు.

మొన్న ఆరాధన అయ్యాక సంఘ కూటం పెట్టారు. రొట్టె విరవడం, అదే ప్రభువు బల్ల, నెలకోసారేనా, వారం వారమా అన్నది మాట. అడిగింది కుర్రాళ్లు. పక్క వీధి బ్రదరెన్ సంఘం వాళ్లు ప్రతి ఆదివారం విరుస్తారు కదా. 1836లో మిషనరీ గ్రోవ్స్ గారితో వచ్చిన బౌడెన్, బీర్ దొరలు ఈ గోదావరి డెల్టాలో నేర్పిన పద్ధతి అది. మన పెద్దలు అపొస్తలుల కార్యములు 20:7 తీసి, "ఆదివారమున మేము రొట్టె విరుచుటకు కూడినప్పుడు అని ఉంది. ప్రతి అన్న మాట ఎక్కడుంది?" అన్నారు. ఎవరూ నోరెత్తలేదు. నేనూ అంతే, కానుకల లెక్కల పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు వెనక చాప మీంచి లేచింది మామ్మ. అదే, జామచెట్టు మామ్మ. (ఆ రోజు గోడ దూకింది నువ్వు కాదని ఇప్పటికీ సాక్ష్యం చెప్తున్నాను, ధైర్యంగా ఉండు.) ఆవిడకి చదువు రాదు, మనవరాలు చదివితే వింటుంది. కొంగుముడి విప్పి, చెమటకి మెత్తబడిన పది రూపాయల నోటు తీసి, బల్ల మీద పెట్టి బొటనవేలితో మడతలన్నీ సాపు చేసింది. "అయ్యగారూ, ఇది నేను ప్రతి ఆదివారం వేస్తున్నానండి. వాక్యంలో ప్రతి ఆదివారమని ఉందని మీరే చెప్పారు. మరి నేను ఇది వేసిన రోజున నాకు రొట్టె ఎందుకు లేదండీ?"

ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదురా. ఆవిడ ఎత్తిపొడవడానికి అడగలేదు, తెలుసుకుందామనే అడిగింది. అందుకే నాకు గుండెల్లో ఎక్కడో తగిలింది.

ఆ రాత్రి నిద్ర పట్టక మొదటి కొరింథీ 16 తీశాను. రెండో వచనంలో "ప్రతి ఆదివారమున" అని ఉంది, నిజమే. కానీ పై వచనం చూడు, "పరిశుద్ధులకొరకైన చందా". యెరూషలేములో బీదరికంలో ఉన్న విశ్వాసుల కోసం పోగుచేసిన సొమ్ము అది. మనం కరెంటు బిల్లుకీ మైకు సెట్టుకీ రాస్తున్నాం. రాయకూడదని అనను, రాసేది నేనే. కానీ దానికి ఆ వచనం చాలినప్పుడు రొట్టెకి మాత్రం అంత గట్టి రుజువు కావాలా?

తర్వాత పెద్దలు తీసిన అపొస్తలుల కార్యములు 20కి వచ్చాను, అది త్రోయ అనే ఊళ్లో జరిగిన సంగతి. పెంతెకొస్తుకల్లా యెరూషలేము చేరాలని పౌలుకి ఎంత తొందరో 16వ వచనంలో ఉంది. అయినా త్రోయలో ఏడు రోజులు ఆగాడు. ఆగాక ఆదివారం కూడుకున్నారు. దేనికట? రొట్టె విరవడానికి. ప్రసంగం కోసమని లేదు బావా! ఇది ఆజ్ఞ కాదు, మాదిరి. ఒప్పుకుంటాను. మరి ఆదివారం కూడుకోమని మాత్రం ఆజ్ఞ ఎక్కడుంది? దానికీ మనం చూపించేది ఈ వచనమే కదా. అయితే అదే పుస్తకం 2:46లో ప్రతిదినమూ, ఇంటింటా అని ఉంది, అందుకని వారానికోసారే అని నేనూ చట్టం చెయ్యలేను. చెయ్యలేను గానీ...

మర్నాడు అయ్యగారే మా చేలోకి వచ్చారు. కోపంగా ఉంటారనుకుని టెన్షన్ పడ్డాను. లేదు. గట్టు మీద కూర్చుని మొదటి కొరింథీ 11:28 చదివారు. రొట్టె తినే ముందు తన్ను తాను పరీక్షించుకోవాలి గనక ముందుగా సిద్ధపడాలని తన గురువులు నేర్పారట. అది తేలిగ్గా తీసేసే మాట కాదు. ఆ వెంటనే ఆయనే, జెనీవాలో సంఘ సంస్కర్త కాల్విన్ రొట్టె విరవడం వారం వారం ఉండాలని కోరితే 1541లో అక్కడి పాలకులు ఏడాదికి నాలుగుసార్లే ఖాయం చేశారని చెప్పారు. చెప్పి చాలాసేపు నీళ్లకేసి చూస్తూ ఉండిపోయారు.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. కువైట్‌లో మీరు కూడుకునేది శుక్రవారం, ఆదివారం మీకు డ్యూటీ. త్రోయలో వాళ్లు కూడింది కూడా రాత్రిపూటే. మేడగదిలో దీపాలు పెట్టుకుని, అర్ధరాత్రి దాటాక విరిచారు. పౌలు ప్రసంగిస్తుంటే నిద్రపోయి కిటికీలోంచి పడ్డ ఐతుకు అనే కుర్రాడు పగలంతా ఎక్కడో పనిచేసి వచ్చాడేమో అని మొదటిసారి అనిపించింది. నిన్ను ఐతుకు అని పిలిచినన్నాళ్లూ నాకు ఆ ఆలోచనే రాలేదు. క్షమించరా. మీ రూములో విశ్వాసులు నలుగురున్నారన్నావు కదా, ఆదివారం డ్యూటీ దిగాక ఒక్క గంట...

హారన్ కొడుతున్నాడు, ఫ్లైట్ టైమైపోతోందట. మామ్మకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. వచ్చే ఆదివారం మళ్లీ కూటం ఉంది, ఈసారి నేను లేచి ఆ లెక్కల పుస్తకం... ఆగు, ఆవకాయ డబ్బాకి టేపు వెయ్యాలి. మిగతాది

నీ బావ