కాయని పాదు గురించి కూడా రాయండి

సంపాదకులకు,

నమస్కారం. ఇంటి పెరట్లోనూ మేడ మీదా కూరగాయలు పెంచడం గురించి మీ పత్రికలో వచ్చే వ్యాసాలను నేను చాలాకాలంగా చదువుతున్నాను. కత్తిరించి దాచుకున్నవి కూడా ఉన్నాయి. వాటన్నింటికీ ఒకే పోలిక. బుట్ట నిండా టమాటాలు, పందిరికి వేలాడే సొరకాయలు, పక్కన నవ్వుతూ నిలబడిన ఇంటివారు, కింద నాలుగైదు చిట్కాలు. కోడిగుడ్డు పెంకులు నలిపి వేయమంటారు, అరటి తొక్కలు నానిన నీళ్లు పోయమంటారు, కాఫీ పిప్పి చల్లమంటారు. అవి చదివి ఉత్సాహంగా విత్తనాలు వేసినవారిలో చాలామంది మొదటి పంట ముగిసేసరికి కుండీలను ఎందుకు మూలకు నెట్టేస్తున్నారో మాత్రం ఎవరూ రాయరు. పన్నెండేళ్లుగా పెరట్లో కూరగాయలు పండిస్తూ, అందులో నాలుగైదేళ్లు చెప్పుకోదగ్గదేమీ కోసుకోలేకపోయిన మనిషిగా ఈ ఉత్తరం రాస్తున్నాను. చిట్కా ఇచ్చిన ప్రతిచోటా దాని వెనుక కారణం కూడా చెప్పమని నా విన్నపం.

ముందుగా గుడ్డు పెంకుల సంగతి. టమాటా కాయ అడుగుభాగం నల్లబడి, చదునుగా అణిగి కుళ్లిపోవడం పెరటి తోటల్లో తరచుగా కనిపించేదే. కాయకు కాల్షియం చాలకపోవడం వల్ల అది వస్తుందన్న మాట నిజమే. పెంకుల్లో ఉండేది కాల్షియం కార్బొనేటే కాబట్టి పెంకులు వేస్తే సరిపోతుందన్న ఊహ అక్కడి నుంచే పుట్టింది. అయితే పెంకు మట్టిలో కరగడానికి నెలలు కాదు, ఏళ్లు పడుతుంది. పైగా చాలా మట్టిలో కాల్షియానికి కొదవ ఉండదు. అది మొక్కలో నీటి వెంట మాత్రమే ప్రయాణిస్తుంది. ఆకులు కాయలకంటే ఎక్కువ నీటిని ఆవిరి చేస్తాయి కనుక ఎక్కువ వాటా వాటికే పోతుంది. రెండు రోజులు ఎండగట్టి మూడో రోజు మడి నిండా నీళ్లు పెట్టే తోటలో ఆ ప్రయాణం తెగిపోతూ ఉంటుంది, ఎదిగే పిందెకు అందాల్సిన సమయంలో అందదు. నేను మూడు పంటలు పెంకులు దంచి పోసి, నాలుగో పంటకు మొదళ్ల చుట్టూ ఎండుటాకులు నాలుగంగుళాల మందాన పరిచి, రోజు విడిచి రోజు ఒకే కొలతలో నీళ్లు పెట్టడం మొదలుపెట్టాక నల్లమచ్చ దాదాపు కనిపించలేదు. ఇదే రోగానికి మెగ్నీషియం ఉప్పు వేయమని చెప్పేవారు కూడా ఉన్నారు. మట్టిలో మెగ్నీషియం ఎక్కువైతే వేరు కాల్షియాన్ని తీసుకోవడం ఇంకా తగ్గుతుంది, అంటే మందు పేరుతో రోగాన్నే పెంచుతున్నామన్నమాట.

నీళ్ల గురించి మాట వచ్చింది కనుక ఒక లెక్క చెబుతాను. వారానికి 25 మిల్లీమీటర్ల నీరు చాలా కూరగాయలకు సాధారణ అవసరమని తోటపనివారు చెప్పే కొలత. ఒక చదరపు మీటరు మడికి అది సరిగ్గా 25 లీటర్లు అవుతుంది. ఎండలు ముదిరినప్పుడు, కుండీల్లో పెంచినప్పుడు ఇంతకంటే చాలా ఎక్కువ కావాలి. అందువల్ల లెక్కకంటే వేలు నమ్మదగింది. రెండంగుళాల లోతున వేలు పెట్టి చూసినప్పుడు తడి తగిలితే ఆ రోజు నీళ్లు అక్కర్లేదు. మిట్టమధ్యాహ్నం గుమ్మడి, దోస ఆకులు వాలిపోయి కనిపించగానే బిందె ఎత్తేవారిని చూస్తూ ఉంటాను. పెద్ద ఆకుల తీగలు ఎండవేళ అలా వాలి, చల్లబడగానే మళ్లీ నిక్కుతాయి. తెల్లవారుజామున కూడా వాలే ఉన్న మొక్కకు మాత్రమే దాహమో, వేరుకుళ్లో ఉన్నట్టు. ఈ రెండింటిలో ఏదో తేల్చుకోకుండా నీళ్లు పోస్తే, రెండోదైన పక్షంలో మొక్క ఇక లేవదు.

సొర, గుమ్మడి, కాకర, బీర పాదుల దగ్గర కొత్తవారికి కలిగేంత నిరాశ మరెక్కడా కలగదు. పాదు పందిరి నిండా అల్లుకుంటుంది, పూలు విరగబూస్తాయి, కాయ మాత్రం ఒక్కటీ నిలవదు. నాకూ మొదటి ఏడు అలాగే జరిగింది. తీగకు చీడ పట్టిందనుకుని దొరికిన మందులన్నీ చల్లాను. అసలు సంగతి ఏమిటంటే, ఈ జాతిలో మగపువ్వు, ఆడపువ్వు ఒకే తీగ మీద విడివిడిగా పూస్తాయి. మొదట వచ్చేవి సాధారణంగా మగపూలే, అవి రాలిపోవడం సహజం. ఆడపువ్వుకు రేకుల కింద బుల్లి పిందె ఆకారం ముందే ఉంటుంది, మగపువ్వుకు సన్నటి కాడ తప్ప ఏమీ ఉండదు. ఆ పిందె పసుపురంగుకు తిరిగి ఎండి రాలిందంటే చాలాసార్లు దానికి పుప్పొడి అందలేదని అర్థం. గుమ్మడి పువ్వు తెల్లవారుతూనే విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోతుంది. పొద్దున్నే తేనెటీగలు రాని పెరట్లో ఆ కొద్ది గంటలూ వృథా అవుతాయి. సొరపువ్వు సంగతి వేరు. అది తెల్లగా, సాయంత్రం చీకటి పడే వేళకు విచ్చుకుంటుంది, దాని కోసం వచ్చేవి రాత్రి తిరిగే చిమ్మటలు. సొరపాదుకు ఉదయం తొమ్మిది గంటలకు చేతితో పుప్పొడి అద్దమని ఒక చోట చదివి నేను వారం రోజులు ముడుచుకున్న పూలతో కుస్తీ పట్టాను. ఆ రాసినవారు ఎన్నడూ సొరపువ్వును చూసి ఉండరని అప్పుడు తెలిసింది. చీకటి పడే వేళ మగపువ్వు ఒకటి కోసి, రేకులు తీసేసి, ఆడపువ్వు నడుమ మెల్లగా రుద్దితే చాలు. సొరతీగ కొన తుంచితే పక్కకొమ్మలు వచ్చి వాటి మీద ఆడపూలు ఎక్కువగా వస్తాయన్నది కూడా నా అనుభవంలో నిజమే. దీనికి తోడు, నత్రజని మితిమీరితే తీగ ఆకులకే బలమిస్తుందని గుర్తుంచుకోవాలి. పందిరి ముదురాకుపచ్చగా కళకళలాడుతూ కాయ లేకపోతే ఎరువు ఆపాలి, మనం సరిగ్గా అప్పుడే ఇంకో గంప వేస్తాం.

టమాటాకు ఇలాంటి తంటా లేదు, ఒకే పువ్వులో రెండూ ఉంటాయి, గాలికి కొమ్మ ఊగినా పని జరిగిపోతుంది. అయితే పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటే రోజుల్లో పుప్పొడి సరిగా పనిచేయక పూత రాలిపోతుంది. ఆ కాలంలో ఏ టానిక్కూ నిలబెట్టలేదు. వాతావరణం చల్లబడే వరకు మొక్కను బతికించుకోవడమే చేయగలిగింది.

ఎండ గురించి వ్యాసాల్లో ఒక్క వాక్యం ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. నా దృష్టిలో తోట విజయం సగానికి పైగా విత్తనం వేయకముందే, మడి ఎక్కడ వేశామన్న దగ్గరే తేలిపోతుంది. కాయ కాసే మొక్కలకు రోజుకు కనీసం ఆరు గంటల నేరుటెండ కావాలి. ఆకుకూరలు మూడు నాలుగు గంటలతో సర్దుకుంటాయి. మన ఇంటి ఏ మూలకు ఎన్ని గంటల ఎండ పడుతుందో చెప్పమంటే మనలో చాలామందిమి చెప్పలేం. నేను ఒక సెలవు రోజున గంటకొకసారి బయటికి వెళ్లి నీడ అంచు దగ్గర పుల్ల పాతుతూ వచ్చాను. సాయంత్రానికి, ఎప్పుడూ వెలుతురుగా కనిపించే నా వంగమడికి నిజంగా పడుతున్న ఎండ మూడున్నర గంటలేనని తేలింది. సూర్యుడి దారి కాలాన్ని బట్టి జరుగుతుంది కనుక ఈ పుల్లల పని ఆరు నెలలకోసారి మళ్లీ చేయాలి. ఖర్చు లేని ఈ పని గురించి మీ పత్రికలో ఎవరైనా రాస్తే ఎన్నో మొక్కలు నీడలో సన్నగా సాగి చావకుండా ఉంటాయి.

ఎరువు విషయంలో నాకు జరిగిన నష్టం ఒకటి చెప్పాలి. ఒక ఏడాది తెలిసినవారి దగ్గర పశువుల ఎరువు తెచ్చి అన్ని మడులకూ వేశాను. మూడు వారాల్లో టమాటా, చిక్కుడు లేతాకులు ముడుచుకుని మెలితిరిగాయి. ముడత తెగులు అనుకుని పీకేసి మళ్లీ నాటినా అదే తీరు. పచ్చికబయళ్లలో కలుపు చావడానికి కొట్టే మందుల్లో కొన్ని, గడ్డి తిన్న పశువు కడుపులో కూడా చెక్కుచెదరక పేడలోకి వచ్చి, ఎరువు చివికిన తర్వాత కూడా నెలల తరబడి నిలిచి ఉంటాయని తర్వాత తెలుసుకున్నాను. టమాటా, చిక్కుడు జాతులు ఆ మందులకు అతి త్వరగా లొంగిపోతాయి. ఇప్పుడు ఎవరిచ్చిన ఎరువైనా కొంచెం మట్టిలో కలిపి ఒక చిన్న కుండీలో, వట్టి మట్టి మరో కుండీలో నింపి, రెండింటిలోనూ నాలుగేసి చిక్కుడు గింజలు వేసి మూడు వారాలు చూస్తాను. ఆకులు రెండింటిలో ఒకలా వస్తేనే మడికి వేస్తాను. పచ్చిపేడను మాత్రం పచ్చిగా తినే కూరల మడిలో వేయకూడదు. కాయ లేదా ఆకు మట్టికి తగిలేదైతే వేసిన నాటికీ కోతకూ నడుమ 120 రోజులు గడవాలన్న జాగ్రత్త పాటించదగింది, ఎందుకంటే రోగకారక సూక్ష్మజీవులు అంతకాలం మట్టిలో ఉండగలవు.

ఇంటి చెత్తతో చేసుకునే కంపోస్టుకు ఈ బెడద తక్కువ. వంటింటి తొక్కలు ఒక వంతుకు ఎండుటాకులు రెండు మూడు వంతులు వేస్తే చాలు. వాసన వస్తే తడి ఎక్కువైందని, చల్లగా కదలకుండా ఉంటే ఎండుభాగం ఎక్కువైందని అర్థం. అరటి తొక్కలను నీళ్లలో నానబెట్టి పులియబెట్టే కంటే ఈ కుప్పలో పడేయడమే మేలు.

చీడల దగ్గర మన తొందర మనకే శత్రువు. పేనుబంక కనిపించగానే గిన్నెలు తోమే సబ్బు కలిపి కొట్టేవారు ఆకులు మాడ్చుకుంటారు. గట్టిగా నీళ్లు చిమ్మితే చాలా పురుగులు రాలిపోతాయి. మిగిలినవాటి కోసం అక్షింతల పురుగులు వస్తాయి. చిక్కేమిటంటే, అక్షింతల పురుగు పిల్లదశలో అందంగా ఉండదు. నల్లగా, పొడవుగా, నారింజ మచ్చలతో చిన్న మొసలిలా ఉంటుంది. అది కూడా చీడేననుకుని నలిపేస్తాం. నేనూ చేసిన పాపమే అది. వేపనూనె వాడేవారు సాయంత్రం వేళ కొట్టాలి, అందులో పనిచేసే పదార్థం ఎండకు త్వరగా విరిగిపోతుంది. పైగా అది పురుగును అక్కడికక్కడే చంపదు, తిండి మాన్పించి, కుబుసం విడవకుండా చేస్తుంది. మర్నాటికే ఫలితం కనపడలేదని మరింత గాఢంగా కలపనక్కర్లేదు.

విత్తనాల గురించి ఒకే మాట. నిరుడు బ్రహ్మాండంగా కాసిన కాయ నుంచి దాచిన గింజ ఈ ఏడు వేరే ఆకారంలో, వేరే రుచితో కాస్తే ఎవరో మోసం చేశారనుకోకండి. అది రెండు రకాలను కలిపి పుట్టించిన సంకర (హైబ్రిడ్) రకం అయి ఉంటుంది. బ్రనో మఠం తోటలో బఠానీ మొక్కల మీద గ్రెగర్ మెండెల్ చేసి 1866లో ప్రచురించిన పని చూపింది ఇదే: మొదటి తరంలో ఒకేలా ఉన్నవి రెండో తరంలో విడిపోతాయి. విత్తనం దాచుకోదలిస్తే సూటి రకాలు, అంటే గింజ వేస్తే తల్లి మొక్కలాంటిదే వచ్చేవి, ఎంచుకోవాలి. సొర, గుమ్మడి వంటివి పక్క పాదు పుప్పొడిని కలుపుకుంటాయి కనుక వాటి విషయంలో సూటి రకమైనా నమ్మకం తక్కువే.

మేడ మీద తోటల వ్యాసాల్లో బరువు ప్రస్తావన లేకపోవడం నాకు అన్నిటికంటే ఆందోళన కలిగిస్తుంది. చదరపు మీటరు విస్తీర్ణంలో అడుగు ఎత్తు మట్టి పోస్తే 300 లీటర్లు. తడిసిన తోటమట్టి లీటరుకు కిలోన్నరకు పైగా తూగుతుంది, అంటే ఒక్క చదరపు మీటరు మీద దాదాపు అర టన్ను. అంత బరువును దృష్టిలో పెట్టుకుని ఇంటి పైకప్పులు సాధారణంగా కట్టరు. మట్టి తగ్గించి కొబ్బరిపొట్టు, కంపోస్టు కలిపిన తేలిక మిశ్రమం వాడాలి, బరువైన తొట్లను దూలాలకు, గోడలకు దగ్గరగా ఉంచాలి, పెద్ద మడులు కట్టబోయే ముందు ఇంజినీరును అడగాలి. ఈ మూడు ముక్కలు బుట్ట ఫొటో కింద పట్టకపోవు.

మొదటి ఏడాది పది రకాలు వేయవద్దని, నాలుగు కుండీలతో మొదలుపెట్టమని నేను అడిగినవారికల్లా చెబుతాను, ఎవరూ వినరు. నేనూ వినలేదు. వారానికోసారి ఈ శీర్షికకు చోటిస్తున్న మీరు, నెలకొకసారైనా పాఠకుల విఫలమైన మడి ఒకటి తీసుకుని, అది ఎందుకు పోయిందో తెలిసినవారి చేత రాయించండి. ఫొటోకు వెతుక్కోనక్కర్లేదు. ఆకులు బలిసి ఒక్క కాయా నిలవని బీరపాదు ఒకటి ప్రస్తుతం మా పందిరి మీదే ఉంది, అడిగితే పంపుతాను.

ఇట్లు,
పెరటి తోట పెంచే ఒక పాఠకురాలు