మా దగ్గర ఆల్టర్నేటర్ చేయించుకున్నవాళ్లు ఒకసారి బండి తీసుకురండి

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని చార్జ్ చేసేది ఆల్టర్నేటర్, అది ఇచ్చే ఓల్టేజిని అదుపులో ఉంచేది రెగ్యులేటర్. ఉగాది తర్వాత మా షాపులో ఈ రెగ్యులేటర్ మార్చిన బండ్లు 17. వాటిలో 4 తిరిగొచ్చాయి. అసలేం జరిగిందో మీకు నా నోటితోనే చెప్పాలని రాస్తున్నాను.

మొదట వచ్చింది అరకు ట్రిప్పులు వేసే తమ్ముడి కారు. మేం చేసిచ్చిన 9 రోజులకే, రాత్రిపూట అనంతగిరి ఘాట్‌లో బ్యాటరీ లైటు వెలిగి, హెడ్‌లైట్లు మసకబారిపోయాయి. బండిలో చంటిపిల్లలతో ఒక ఫ్యామిలీ ఉంది. మర్నాడు తాడు కట్టి లాక్కొచ్చాడు. "అన్నా, నీ మీద నమ్మకంతోనే కదా ఘాట్ ఎక్కాను" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

విప్పి చూస్తే కార్బన్లు, బేరింగులు, డయోడ్ ప్లేటు అన్నీ బాగున్నాయి. బెల్టు బిగువుగానే ఉంది. స్టార్ట్ చేస్తే మీటరులో 14.2 ఓల్టులు. లోపమేమీ లేదని పంపేయొచ్చు, కానీ మనసొప్పలేదు. బానెట్ మూసి, ఏసీ, హెడ్‌లైట్లు వేసి 40 నిమిషాలు నడిపాం. ఇంజిన్ కాలేకొద్దీ 14.2 కాస్తా 13.1 అయింది, ఆ తర్వాత 12.3కి పడిపోయింది. చల్లారాక మళ్లీ 14.2. వేడికి రెగ్యులేటర్ చేతులెత్తేస్తోంది. ఇంకో 2 బండ్లదీ ఇదే కథ.

నాలుగోది మాత్రం నా తప్పే. రోజూ బీచ్ రోడ్డులో భీమిలి వెళ్లొచ్చే కారు అది. ఉప్పుగాలికి, ఇంజిన్‌ని బ్యాటరీ నెగెటివ్‌కి కలిపే ఎర్త్ పట్టీ చిలుము పట్టిపోయింది. లోడు మీద ఇంజిన్ బాడీకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య 0.2 ఓల్టు మించకూడదు, అక్కడ 0.9 చూపించింది. మొదటిసారే చూడాల్సింది. చూడలేదు.

ఇక రెగ్యులేటర్ల సంగతి. 11 ఏళ్లుగా ఒకే షాపులో సామాను తీసుకుంటున్నాను. ఫోన్ చేస్తే "మీ కుర్రాళ్ల ఫిట్టింగ్ బాగోలేదేమో చూసుకోండి" అన్నాడు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లను ఇంతవరకు ఎవరూ ఆ మాట అనలేదు. పాత స్టాకు పీసు, ఈ పీసు పక్కపక్కన పెట్టి చూశాను. డబ్బా అదే, పేరు అదే. కానీ దీని మీద అచ్చు అలుక్కుపోయినట్టుంది, వేడిని లాగే అల్యూమినియం పలక సగం మందం కూడా లేదు. రెండూ తీసుకెళ్లి అతని కౌంటర్ మీద పెట్టాను. కళ్లతో చూసి కూడా ఒప్పుకోలేదు. కావాలంటే మార్చిస్తానన్నాడు, అదీ అదే లాటులోంచి! ఆ రోజుతో అతని ఖాతా మూసేశాను.

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది మిగతా 13 బండ్ల విషయం. అవి బాగానే తిరుగుతున్నాయి. పిలిస్తే నా పని మీదే అనుమానం వస్తుంది. పిలవకపోతే ఎవరి బండి ఏ రాత్రి ఎక్కడ ఆగుతుందో తెలియదు. బిల్లు పుస్తకం ముందేసుకుని 13 నంబర్లు ఒక కాగితం మీద రాశాను, చించేశాను, మళ్లీ రాశాను. తెల్లారాక ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాను. 5 నంబర్లు కలవలేదు. ఆ ఐదుగురిలో మీరుంటే దయచేసి ఆటోనగర్‌కి రండి. రెగ్యులేటర్ ఉచితంగా మారుస్తాం, కూలీ కూడా వద్దు.

ఈలోగా బ్యాటరీ లైటు వెలిగితే ఏసీ ఆపేసి దగ్గర్లో భద్రమైన చోట ఆపండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చార్జింగ్ చూద్దామని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి, ఉన్న డయోడ్లు కూడా పోతాయి.

ఇకనుంచి కంపెనీ డీలరు దగ్గరే కొంటాం, రేటు పెరుగుతుంది. చవకది వేయమని అడిగినా వేయను. చల్లగా ఉన్నప్పుడు ఎంత, 40 నిమిషాల తర్వాత ఎంత అన్న రెండు రీడింగులూ బిల్లు మీద రాసిస్తాం.

పాడైన ఆ 3 పీసులూ నా బల్ల మీదే ఉన్నాయి. ఎవరైనా వచ్చి చేతిలోకి తీసుకుని చూడొచ్చు.